ఆనకట్ట తెగకముందే

మావయ్య: మొదటి మాట నాదే. పెంటగన్‌లో ఉన్న పాత కంప్యూటర్ వ్యవస్థల్ని విప్పి పక్కన పడేయాలి. అతుకులు వేసుకుంటూ పోయింది చాలు. ఈ మాట అంటున్నది మొన్న కాలేజీ దాటిన కుర్రాడు కాదు. 1997లో అమీర్‌పేటలో, మైత్రీవనం పక్క సందులో, మూడు నెలలు కోబాల్ భాష నేర్చుకుని, 2000 సంవత్సరం తేదీల గొడవ వైటూకే పుణ్యమా అని విమానం ఎక్కినవాణ్ణి. పాతికేళ్లు ఆ పాత కోడ్ కడుపులో చేతులు పెట్టే బతికాను. లోపల ఏముందో తెలుసు కాబట్టే పడేయమంటున్నాను.

మేనకోడలు: నేను క్లౌడ్ మనిషిని. పాతవాటిని కొత్తచోటికి తరలించడమే నా ఉద్యోగం. తరలించేటప్పుడు ఏవేం పగులుతాయో చూశాను కాబట్టే ఆగమంటున్నాను. మన వయసులకీ మన వాదనలకీ పొంతన లేదు మావయ్యా. మీరు పట్టుకోవాల్సిన తాడు నా చేతిలో ఉంది, నాది మీ చేతిలో.

మావయ్య: తాడు ఎవరి చేతిలో ఉన్నా లాగాల్సిన బండి ఒకటే. మోకాస్ అని ఒక సిస్టమ్ ఉంది, విన్నావా? అమెరికా రక్షణ శాఖ కాంట్రాక్టుల లెక్కలు చూసేది. 1958లో పంచ్ కార్డుల మీద మొదలైంది. అంటే కోబాల్ పుట్టకముందు. ఆ కోబాల్‌కి బీజం పడింది కూడా పెంటగన్ భవనంలోనే. ఏ కంపెనీ మిషన్ అయినా సరే, వ్యాపార లెక్కలకి ఒకే భాష ఉండాలని 1959 మే నెలలో అక్కడే కూర్చుని అనుకున్నారు. 2015లో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ రాసేనాటికి మోకాస్ చేతిలో దాదాపు 3,40,000 కాంట్రాక్టులు, 1.3 లక్షల కోట్ల డాలర్ల బాధ్యతలు ఉన్నాయి. పంచ్ కార్డు పోయి ఆకుపచ్చ అక్షరాల తెర వచ్చింది. తెర మీద వెబ్ పేజీ వచ్చింది. సున్నం మీద సున్నం కొట్టుకుంటూ వచ్చారు తప్ప, లోపల గోడ ఎలా ఉందో గోకి చూసినవాడు లేడు.

మేనకోడలు: గోకారు. గోకితే ఏమైందో మీరు చెప్పలేదు. మోకాస్ స్థానంలో పెట్టాలని డీపీపీఎస్ అని ఒకటి మొదలుపెట్టారు. ఏడేళ్లు నడిపారు, 12 కోట్ల 60 లక్షల డాలర్లు ఖర్చుపెట్టారు, 2002లో మూటగట్టి అటక మీద పెట్టారు. మోకాస్ మాత్రం మర్నాడు పొద్దున్న మామూలుగానే బిల్లులు చెల్లించింది. నేను పాతది గొప్పదని అనడం లేదు. అది రోజూ పరీక్ష రాసి పాసవుతోంది, కొత్తది ఇంకా హాల్ టికెట్ దగ్గరే ఉంది అంటున్నాను.

మావయ్య: పాసవడం అంటే ఏమిటో మాట్లాడుకుందాం. జీతాల సంగతి తీసుకో. ఇరాక్, అఫ్ఘానిస్తాన్‌లలో గాయపడి వచ్చిన సైనికులు. కాలో చెయ్యో పోగొట్టుకుని ఆస్పత్రిలో ఉన్నవాడికి, నువ్వు శాఖకి ఇంత బాకీ అని నోటీసు వెళ్లింది. కొందరి పేర్లు వసూళ్ల ఏజెన్సీలదాకా పోయాయి. ఇది నేను కల్పించింది కాదు, అమెరికా పార్లమెంటు తరఫున లెక్కలు చూసే జీఏవో 2006లో చెప్పింది. వందలమంది, వాళ్ల తప్పేమీ లేకుండా. యుద్ధభూమి నుంచి ఆస్పత్రికి మారిన సంగతి సిబ్బంది రికార్డు చూసే సిస్టమ్‌కి తెలుసు, జీతం వేసే సిస్టమ్‌కి తెలీదు. రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. యుద్ధభత్యం అలా పడుతూనే ఉంటుంది, ఆర్నెల్ల తర్వాత ఎవడో చూసి, ఇచ్చింది తిరిగి కక్కమంటాడు. 2013లో రాయిటర్స్ రాసింది, ఆ జీతాల సిస్టమ్‌లో 70 లక్షల లైన్ల కోబాల్ ఉందని. 70 లక్షలు! నా జన్మంతా చదివినా చివరికి రాను. ఈ సిస్టమ్‌ని నువ్వు పాసయింది అంటావా?

మేనకోడలు: అనను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే ఆ జబ్బుకి వాళ్లు మందు వేయలేదని మాత్రం అనకండి. నాలుగు దళాలకీ కలిపి జీతం, సిబ్బంది రికార్డు ఒకేచోట ఉండాలని డిమ్‌హర్స్ మొదలుపెట్టారు. మీరు చెప్పిన గాయపడ్డ సైనికుడి కోసమే, అనుకోండి. పదేళ్ల పైమాటే పట్టింది, 100 కోట్ల డాలర్ల దాకా పోయింది, 2010లో రద్దయింది. ఒక్క సైనికుడికీ దాంతో జీతం పడలేదు. ఇక ఎయిర్‌ఫోర్స్ సరుకుల లెక్కల కోసం తెచ్చిన ఈసీఎస్ఎస్ కథ ఇంకా ఘోరం. 200కి పైగా పాత సిస్టమ్‌లని మూసేసి ఒక్కటే పెడతామన్నారు. 2012 నవంబరులో ఆపేసేసరికి 103 కోట్ల డాలర్లు హారతి కర్పూరం. ఇంకో 110 కోట్లు పోస్తే మొదట అనుకున్నదానిలో నాలుగోవంతు వస్తుందని తేలింది, అందుకని చేతులెత్తేశారు. సెనేట్ కమిటీ విచారణ చేసి 2014లో రిపోర్టు ఇచ్చింది. చదివారా?

మావయ్య: చదివాను. నువ్వు చదివిన పేజీ వేరు, నేను చదివిన పేజీ వేరు. అందులో అసలు తప్పు కొత్త సాఫ్ట్‌వేర్‌ది కాదు. దుకాణంలో రెడీమేడ్ చొక్కా కొని, చొక్కాకి తగ్గట్టు తాము మారకుండా, చొక్కాని తమ ఒంటికి తగ్గట్టు అడుగడుగునా కోసి కుట్టమన్నారు. తమ దగ్గర ఉన్న పాత సిస్టమ్‌లు ఎన్నో, వాటిలో ఏముందో వాళ్లకే సరిగ్గా తెలీదు. ప్రోగ్రామ్ మేనేజర్లు మారుతూ పోయారు. వచ్చినవాడు ఫైలు అర్థం చేసుకునేలోపు బదిలీ. ఇది కట్టేవాడి తప్పా, కట్టాలనుకోవడం తప్పా?

మేనకోడలు: ప్రతిసారీ కట్టేవాడే తప్పు చేస్తుంటే, ఆ చోట కట్టే పని అలాగే జరుగుతుందని ఒప్పుకోవాలి కదా. సైన్యంలో రెండుమూడేళ్లకి బదిలీ ఖాయం, అది ఆ ఉద్యోగపు ధర్మం. సాఫ్ట్‌వేర్‌కి పదేళ్ల కాపురం కావాలి. ఈ రెండూ పొసగవు. మీరు కొత్త సిస్టమ్ అనగానే మీ కళ్ల ముందు మంచి సిస్టమ్ కనిపిస్తుంది. నా కళ్ల ముందు మాత్రం ఆ శాఖ కట్టగలిగిన సిస్టమ్ కనిపిస్తుంది.

మావయ్య: అదే శాఖ బాగా కట్టిందీ ఉంది. ఖతర్‌లో అల్ ఉదీద్ అని ఎయిర్‌బేస్. అక్కడినుంచే గల్ఫ్ ప్రాంతం మీద ఎగిరే యుద్ధవిమానాలన్నిటికీ గాల్లో ఇంధనం నింపే విమానాల్ని కేటాయించేవాళ్లు. ఎలా అనుకున్నావు? గోడకి ఉన్న వైట్‌బోర్డు మీద మార్కర్లతో గీసి, అయస్కాంతపు బిళ్లలు అంటించి. 2016లో. మన ఊళ్లో చిట్టీలు పాడేవాళ్లు కూడా అప్పటికి ఎక్సెల్ వాడుతున్నారు. ఇలా విమానాల్ని నడిపించే కేంద్రాలన్నిటికీ కలిపి కొత్త సాఫ్ట్‌వేర్ అని ఒక పెద్ద కంపెనీకి ఇచ్చిన కాంట్రాక్టు అంచనా 37 కోట్ల డాలర్ల నుంచి 74 కోట్లు దాటింది, మూడేళ్లు వెనకబడింది. 2017లో దాన్ని రద్దుచేశారు. ఈలోపు కొద్దిమంది ప్రోగ్రామర్లు, యూనిఫాం వేసుకున్నవాళ్లూ వేసుకోనివాళ్లూ కలిసి, ఆ బోర్డు దగ్గర నిలబడే మనిషి పక్కనే కూర్చుని అతనేం చేస్తున్నాడో చూసి, నాలుగైదు నెలల్లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. వారానికి లక్షల పౌన్ల ఇంధనం మిగిలింది. పెట్టిన ఖర్చు చూస్తుండగానే తిరిగొచ్చింది. తర్వాత అదే కెసెల్ రన్ అనే విభాగమైంది. చెయ్యగలరు. చెయ్యడానికి పెద్ద ప్రాజెక్టు పేరు, పెద్ద కాంట్రాక్టు, పెద్ద రిబ్బన్ కత్తిరింపు అక్కర్లేదు.

మేనకోడలు: బాగుంది. ఆ కథ నాకూ ఇష్టమే. కానీ వైట్‌బోర్డు తీసి సాఫ్ట్‌వేర్ పెట్టడం వేరు, 70 లక్షల లైన్లు తీసి ఇంకోటి పెట్టడం వేరు. బోర్డు దగ్గర మనిషి ఉన్నాడు, ఏం చేస్తున్నావని అడిగితే చెప్పాడు. కొత్త సాఫ్ట్‌వేర్ ఒక ట్యాంకర్‌ని తప్పుచోటికి పంపమంటే, అతనే ఇదేంటని ఆపుతాడు. జీతాల కోడ్‌లో 1983లో ఎవరో పెట్టిన ఒక నిబంధన ఎందుకుందని ఎవర్ని అడుగుతారు? రాసినాయన లేడు, రాయించిన చట్టం రెండుసార్లు మారింది. అది తప్పు లెక్క వేసినా ఆపే మనిషి పక్కన లేడు. తప్పు జరిగిందని తెలియడానికే ఆర్నెల్లు పడుతుంది. మీరు చెప్పిన గాయపడ్డ సైనికుడికి జరిగింది అదే. ఈసారి కొత్త సిస్టమ్‌లో జరుగుతుంది, అంతే తేడా.

మావయ్య: నీ మాటలో బలం ఉంది. నేను కోడ్ చదివినన్నాళ్లూ నన్ను భయపెట్టింది ఆ లైన్లే. ఇది ఎందుకుందో తెలీదు, తీయొద్దు అని కామెంట్ రాసి ఉండేవి.

మేనకోడలు: తీశారా?

మావయ్య: తీయలేదు. ఆ భయాన్నే ఇంకో ఇరవై ఏళ్లు కుర్రాళ్లకి ఆస్తిగా ఇవ్వడం అన్యాయం అంటున్నాను. పైగా ఊరికే కూర్చుంటే ప్రమాదం లేదనుకుంటున్నావా? 2008లో మధ్యప్రాచ్యంలో ఒక బేస్‌లో ఎవరో ఒక పెన్‌డ్రైవ్ లాప్‌టాప్‌కి పెట్టారు. దాంట్లోంచి ఒక వైరస్ రహస్య నెట్‌వర్కుల్లోకి కూడా పాకింది. అది కడగడానికి ఏడాది దాటింది. ఆ దెబ్బ తర్వాతే సైబర్ కమాండ్ పుట్టింది. 2015లో నౌకాదళం ఏం చేసిందో తెలుసా? మైక్రోసాఫ్ట్ వదిలేసిన విండోస్ ఎక్స్‌పీకి ఇంకొన్నాళ్లు మందులు వేస్తూ ఉండమని 91 లక్షల డాలర్లు కట్టింది. దాదాపు లక్ష కంప్యూటర్లకి. శవానికి సెలైన్ ఎక్కించడమే.

మేనకోడలు: సెలైన్ మాట బాగానే ఉంది కానీ, బతికున్నవాటి సంగతి కూడా చూడండి. 2019 దాకా అణుబలగాలకి ఆదేశాలు పంపే వ్యవస్థలో ఎనిమిదంగుళాల ఫ్లాపీలు వాడారు. 1970ల నాటి ఐబీఎం సిరీస్ వన్ కంప్యూటర్లు. జీఏవో 2016లో ఆ సంగతి బయటపెట్టినప్పుడు లోకమంతా నవ్వింది. ఆ ఫ్లాపీలోకి బీజింగ్ నుంచో మాస్కో నుంచో ఎవరూ దూరలేరు, దూరడానికి దారే లేదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కి ఒక తప్పుడు అప్‌డేట్ వెళ్తే 85 లక్షల విండోస్ మిషన్లు నీలం తెర చూపించి పడుకున్నాయి. ఎయిర్‌పోర్టుల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాశారు, మన హైదరాబాదులో కూడా. కాపలా పెట్టిన వాచ్‌మనే తాళం వేసుకుని నిద్రపోయాడు. కొత్తదనానికి ఆ గుణం ఉంది. పడితే అన్నీ కలిసి పడతాయి. పాతవాటికి ఒకదానితో ఒకటి సంబంధం లేకపోవడమే మీరు చెప్పిన జబ్బు, నేను చెప్పే ఆరోగ్యం కూడా.

మావయ్య: ఫ్లాపీని నువ్వు మరీ దేవుణ్ణి చేస్తున్నావు. వాటిని చివరికి ఎయిర్‌ఫోర్సే తీసేసింది. ఊడిన చిప్‌ని మైక్రోస్కోప్ కింద పెట్టి చేత్తో అతికే టెక్నీషియన్లు ఎన్నాళ్లు దొరుకుతారు?

మేనకోడలు: తీసేశారు. కానీ ఎలా? నిల్వ చేసే పరికరం మార్చారు, మిగతాది కదపలేదు. లోకమంతా నవ్వుతున్నా కంగారుపడలేదు. నాకు నచ్చే మార్పు అలాంటిది. ఇప్పుడు మీ క్లౌడ్ సంగతికి వద్దాం. నా క్లౌడ్ అనాలి. జెడై అని 2018లో టెండరు పిలిచారు. పదేళ్లు, 1,000 కోట్ల డాలర్ల దాకా, ఒక్క కంపెనీకే. 2019 అక్టోబరులో మైక్రోసాఫ్ట్‌కి ఇచ్చారు, అమెజాన్ కోర్టుకెళ్లింది, 2021 జులైలో మొత్తం రద్దుచేశారు. మూడేళ్లు గుమ్మంలోనే గడిచిపోయాయి. 2022 డిసెంబరులో నాలుగు కంపెనీలకి కలిపి 900 కోట్ల పరిమితితో మళ్లీ మొదలుపెట్టారు. సరే. 2025 జులైలో ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ ఏం బయటపెట్టింది? రక్షణ శాఖ క్లౌడ్ పనిలో మైక్రోసాఫ్ట్ చైనాలో ఉన్న ఇంజనీర్ల సాయం తీసుకుంటోందని. వాళ్లు నేరుగా ముట్టుకోకుండా మధ్యలో అమెరికా పౌరుణ్ణి కూర్చోబెట్టారు, డిజిటల్ ఎస్కార్ట్ అని. అవతలివాడు చెప్పిన కమాండ్ ఇవతలివాడు టైప్ చేస్తాడు. అది ఏం చేస్తుందో గుర్తుపట్టేంత చదువు చాలామంది ఎస్కార్టులకి లేదు. వార్త వచ్చాక ఆపేశారనుకోండి. 1958 నాటి మోకాస్ మీద ఎన్ని అన్నా, దానికి ఇలాంటి అవమానం జరగలేదు.

మావయ్య: ఇది నాకు తగిలింది. సంతకం పెట్టేవాడికి అర్థం కాని కాగితం మీద వాడి చేతే సంతకం పెట్టించడం. మన ఊళ్లో నిశానీల రోజులు గుర్తొచ్చాయి.

(ఇద్దరి మధ్యా దూరినందుకు క్షమించాలి. ఈ సంవాదం రాసుకుంటుంటే నాకు పదేపదే ఒకటే తడుతోంది. ఇద్దరూ మిషన్ల వయసు గురించి కొట్లాడుకుంటున్నట్టు ఉంటారు. కాస్త చెవి పెట్టి వింటే, లోపల ఏముందో తెలిసిన మనిషి ఎవరి జీతగాడు అన్నదే ఇద్దరి బాధా. అతను శాఖ మనిషా, కంపెనీ మనిషా, పదవీ విరమణ చేసి ఇంటి దగ్గర మామిడి మొక్కలకి నీళ్లు పోసుకుంటున్నాడా?)

మావయ్య: నీకు మన నదుల కథ చెప్తాను. కృష్ణ మీద బెజవాడ దగ్గర పాత ఆనకట్ట ఉండేది, 1855లో పూర్తయింది. వందేళ్లు డెల్టాకి అన్నం పెట్టింది. 1952లో తెగింది. తెగాక పరుగులు పెట్టి ఎగువన ప్రకాశం బ్యారేజీ కట్టారు, 1957కి అయింది. గోదావరి మీద ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852ది. అదీ ముసలిదైంది. అక్కడ మాత్రం పాతది పని చేస్తుండగానే దానికి ఎగువన కొత్త బ్యారేజీ కట్టుకొచ్చి, 1982కి పూర్తిచేశారు. కాలవలకి నీళ్లు వస్తూనే ఉన్నాయి, పైన కొత్తది లేస్తూనే ఉంది. నేనడిగేది ధవళేశ్వరం పద్ధతి. మీవాళ్లు ఎదురుచూస్తున్నది బెజవాడ పద్ధతి.

మేనకోడలు: బ్రహ్మాండం. ఒక్క చిక్కు ఉంది. ఆనకట్టకి ఎన్ని తూములున్నాయో, ఏ తూము ఏ కాలవకి పోతుందో, ఆ కాలవ కింద ఎన్ని ఎకరాలో లస్కరుకి కూడా తెలుసు. దాపరికం లేదు, నీళ్లు పల్లానికే పోతాయి. 70 లక్షల లైన్లలో నీళ్లు ఎటుపోతాయో ఎవరికీ తెలీదు. తూము మూసేశాకే ఏ పొలం ఎండిందో తెలుస్తుంది. దీనికి మన దేశంలోనే సాక్ష్యం ఉంది, అమెరికా దాకా ఎందుకు? మన రక్షణ శాఖ పెన్షన్లన్నీ ఒకేచోటికి తెస్తూ స్పర్శ్ అని ఒక సిస్టమ్ పెట్టింది. అంతకుముందు ఒక్కో బ్యాంకు ఒక్కో రకంగా లెక్క వేసి ఇచ్చేది. ఆలోచన మంచిదే, నేను కాదనను. 2022 ఏప్రిల్‌లో ఏమైంది? ఏడాదికోసారి ఇచ్చే జీవన ధ్రువీకరణ స్పర్శ్‌కి అందలేదని 58,275 మందికి ఆ నెల పెన్షన్ పడలేదు. నెలాఖరు లోపు బ్యాంకులు వాళ్ల వివరం తేల్చలేకపోయాయి. గోల లేచాక ఈ ఒక్కసారికి మినహాయింపు అని మే 4కి వేశారు. పశ్చిమగోదావరిలో మిలటరీ మాధవరం ఉంది కదా, ఇంటికో సైనికుడని పేరు. అలాంటి ఊళ్లో ఒక రిటైరైన హవల్దారుకి ఒకటో తారీకున డబ్బు పడకపోతే, ఆధునికీకరణలో ఇవి మామూలే అని మీరు వెళ్లి చెప్తారా?

మావయ్య: చెప్పను. వెళ్లి ఆ నాలుగు రోజులకీ క్షమాపణ చెప్తాను. తర్వాత ఇంకోటి కూడా చెప్తాను. ఆ 58,275 అనే సంఖ్య నీకెలా తెలిసింది? సిస్టమ్ ఒకటే కాబట్టి లెక్క తేలింది. నాలుగు రోజుల్లో సరిదిద్దడం కుదిరింది. పాతరోజుల్లో ఒక బ్యాంకు శాఖలో గుమాస్తా తప్పు ర్యాంకు వేసి పదేళ్లు నెలకి మూడొందలు తక్కువ ఇస్తే, అది ఏ సంఖ్యలోనూ కనపడదు. ఆ హవల్దారు పోయేవరకూ అతనికే తెలీదు. కొత్త సిస్టమ్ తప్పు చేస్తే పేపర్లో పడుతుంది. పాత సిస్టమ్ తప్పు చేస్తే అది ఆచారమైపోతుంది.

మేనకోడలు: ఈ మాట నాకు రాత్రికి నిద్ర పట్టనివ్వదు.

మావయ్య: పట్టకూడదు. ఆడిట్ సంగతి కూడా విను. పెంటగన్ మొత్తానికి పూర్తి ఆడిట్ మొదటిసారి 2018లో జరిగింది. మొదటిసారి! రెండో ప్రపంచయుద్ధం అయ్యాక పుట్టిన శాఖ. అప్పట్నుంచి ఏటా తప్పుతూనే ఉంది, 2024 నవంబరు నాటికి ఏడుసార్లు. దొంగతనం జరిగిందని కాదు, ఎక్కడ ఏముందో చూపించలేకపోవడం. నాలుగు లక్షల కోట్ల డాలర్ల ఆస్తులు. ఆడిటర్లు ఎత్తిచూపేవాటిలో పెద్ద భాగం, ఒకదానితో ఒకటి పొసగని ఈ పాత సిస్టమ్‌లే. అంతలో 2025 సెప్టెంబరులో శాఖకి యుద్ధ శాఖ అని రెండో పేరు తగిలించారు. బోర్డు మార్చడం మాత్రం ఎంత తేలిగ్గా అయిపోయిందో చూడు.

మేనకోడలు: అదే ఆడిట్‌లో మెరైన్ కోర్ పాసైంది, 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు. దళాలన్నిటిలో వాళ్లే మొదలు. వాళ్లు కొత్త అకౌంటింగ్ సిస్టమ్‌కి మారారు, ఇది మీకు పనికొచ్చే పాయింటే, మీరు అడక్కుండానే ఇస్తున్నాను. కానీ గోదాముల్లోకి మనుషులు వెళ్లి బాంబులూ బూట్లూ చేత్తో లెక్కపెట్టారు కూడా. మార్పు అంటే ఆ లెక్కపెట్టడమే. సాఫ్ట్‌వేర్ ఆ తర్వాత సంగతి. మనవాళ్లు బోర్డు ముందు పెడతారు, లెక్క తర్వాత పెడతారు.

మావయ్య: లెక్కపెట్టేది ఎవరు? అసలు గొడవ అదే. ఆ శాఖలో కోడ్ తెలిసినవాళ్లంతా కాంట్రాక్టర్ల దగ్గర ఉన్నారు. ప్రతి ఏడాది ఆగేకొద్దీ ఇంకొందరు రిటైరవుతున్నారు. నువ్వు ఆగమన్నప్పుడల్లా, తెలిసినవాడి తలకాయలోంచి ఇంకొంచెం కారిపోతోంది.

మేనకోడలు: నేను ఆగమంటున్నది కూడా అందుకే! తెలిసినవాణ్ణి ముందు లోపలికి తెచ్చుకోండి, తర్వాత మిషన్ మార్చండి. 1978లో ఐబీఎం మన దేశం వదిలి వెళ్లిపోయినప్పుడు ఏమైంది? వాళ్ల మిషన్లు ఇక్కడే ఉన్నాయి. వాటిని చూసుకోవడానికి ప్రభుత్వ సంస్థ సీఎంసీ ముందుకొచ్చింది. ఐబీఎం దగ్గర పనిచేసినవాళ్లే కొందరు అందులో చేరి, ఊరూరా తిరిగి ఆ మిషన్లని బతికించారు. విడిభాగం దొరక్కపోతే తంటాలు పడి సంపాదించారు. కంపెనీ పోయింది, తెలివి మిగిలింది. అది మిగిలింది కాబట్టి ఆ తర్వాత హైదరాబాదు సీఎంసీలో పెద్దపెద్దవి కట్టగలిగారు. పెంటగన్‌లో తలకిందులుగా ఉంది. మిషన్ వాళ్లది, తెలివి అద్దెది. అద్దె తెలివితో కొత్త మిషన్ కడితే, రేపు దానికి కూడా అద్దె కట్టాలి.

మావయ్య: తెలివిని లోపలికి తెచ్చుకోవాలంటే వచ్చినవాడికి పని ఉండాలి కదమ్మా. ముప్ఫై ఏళ్ల కుర్రాణ్ణి తీసుకొచ్చి, నీ ఉద్యోగం ఈ 70 లక్షల లైన్లకి చాకిరీ చేస్తూ కూర్చోవడమే అంటే ఎవడు ఉంటాడు? ఎయిర్‌ఫోర్స్‌లో మొదటి చీఫ్ సాఫ్ట్‌వేర్ ఆఫీసరు 2021లో రాజీనామా చేసి వెళ్లిపోయాడు, ఇక్కడ కదలిక లేదని బాహాటంగా రాసి మరీ. మరుసటేడు ఇంకో అధికారి, ముందు మా కంప్యూటర్లు బాగుచేయండి మహాప్రభో అని బహిరంగ లేఖ రాశాడు. పొద్దున్నే లాగిన్ కొట్టి కాఫీ తాగొచ్చినా తెర తెరుచుకోదట. వేల కోట్ల విమానాలున్న చోట. ఇలాంటి చోటికి తెలివైనవాణ్ణి రమ్మంటే వస్తాడా? కొత్త పని చూపించు, మనుషులు వస్తారు. మనుషులు వచ్చాక పని చూపిస్తానంటే, నీళ్లొచ్చాక ఈత నేర్పిస్తానన్నట్టే.

మేనకోడలు: నీళ్లు లేకుండా దూకమని మీరూ అంటున్నారు.

మావయ్య: అదీ నిజమే అనుకో.

మేనకోడలు: మన దగ్గర 2023లో రక్షణ శాఖ కంప్యూటర్లలో విండోస్ తీసి మాయా అనే సొంత ఆపరేటింగ్ సిస్టమ్ పెడుతున్నారని పేపర్లలో వచ్చింది. ఉబుంటు మీద కట్టింది. ఇంటర్నెట్‌కి తగిలే మిషన్లతో మొదలు. నాకు నచ్చింది అందులో స్వదేశీ అన్న మాట కాదు. లోపలి కోడ్ తెరిచి చూడగల మనుషులు మన జీతం తింటున్నారు, అది. మాయా నెమ్మదిగా ఉన్నా సరే, అందంగా లేకపోయినా సరే.

మావయ్య: ఆ ఒక్క దగ్గర మనిద్దరం ఒకే గట్టున ఉన్నాం. కాకపోతే కోడ్ తెరిచి ఉన్నంత మాత్రాన చూసేవాడు ఉంటాడని కాదు. నా కోడ్ కూడా తెరిచే ఉండేది.

మేనకోడలు: మీ కోడ్ ఇంకా నడుస్తోందా?

మావయ్య: ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో. పేరెందుకులే. 1998లో రాసింది. సంవత్సరానికి రెండంకెలే ఉండేవి. అన్నీ నాలుగంకెలు చేయడానికి టైము లేదు, డబ్బూ లేదు. అందుకని ఒక చిన్న ఏర్పాటు చేశాం. 50కి లోపు వస్తే 2000ల్లో అనుకో, 50 గానీ ఆపైన గానీ ఉంటే 1900ల్లో అనుకో అని. తాత్కాలికం అని కామెంట్ కూడా రాశాను.

మేనకోడలు: అంటే 50 అని ఉంటే అది 1950 అనుకుంటుంది. ముప్ఫై ఏళ్ల పాలసీ 2020లో ఇచ్చి ఉంటే అప్పుడే తగిలి ఉండాలే?

మావయ్య: తగిలింది. ఫోన్ చేశారు.

మేనకోడలు: విప్పి పక్కన పడేయమన్నారా?

మావయ్య: 50ని 70 చేసుకోమన్నాను.

మేనకోడలు: మావయ్యా! అరవైల్లో పుట్టినవాళ్లు ఆ ఫైల్లో ఉండరా?

మావయ్య: పుట్టినతేదీ వేరే ఫీల్డు. దానికి వేరే లెక్క.

మేనకోడలు: ఖచ్చితంగా?

మావయ్య: 1998లో అయితే ఖచ్చితం.